కే కెండాల్ పెళ్లి: దాచిన జబ్బు మీద ఒక సంవాదం

బ్రిటిష్ సినిమా నటి కే కెండాల్, నటుడు రెక్స్ హారిసన్ 1957 జూన్ 23న న్యూయార్క్‌లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు, అతనికి 49. రెండేళ్ల రెండున్నర నెలలకు, 1959 సెప్టెంబరు 6న, ఆమె లండన్‌లో చనిపోయింది. జబ్బు పేరు మైలాయిడ్ ల్యుకేమియా, ఎముక మూలుగలో పుట్టే రక్తకాన్సరు. ఆ సంగతి పెళ్లికి ముందే వరుడికి తెలుసు, వరుడి అప్పటి భార్యకు తెలుసు, వైద్యుడికి తెలుసు. కెండాల్‌కు మాత్రం ఒంట్లో ఇనుము తక్కువైందని, రక్తహీనత అని చెప్పారు.

ఈ పెళ్లిని ప్రేమ కోసం చేసిన త్యాగంగా చెప్పేవారు చాలామంది. ఒక మనిషి బతుకు గురించి ఆమెకు తెలియకుండా ఇతరులు కూర్చుని తేల్చిన వ్యవహారం అనేవారు కొందరు. ఈ సంవాదంలో మొదటి పక్షం రక్తవ్యాధుల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరుది. రెండోది నాటక సాహిత్యం బోధించే ఒక అధ్యాపకురాలిది.

కెండాల్ 1927 మే 21న యార్క్‌షైర్ తీరంలోని విథర్న్‌సీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పూర్తి పేరు జస్టిన్ కే కెండాల్ మెకార్తీ. నానమ్మ మేరీ కెండాల్ మ్యూజిక్ హాల్ రోజుల్లో పేరుమోసిన గాయని. తల్లిదండ్రులు డాన్సర్లు. ఆడపిల్లకు స్టేజీ ఎక్కడం తప్పుగా కనిపించని ఇల్లు అది. పదిహేనేళ్లు నిండకముందే కే లండన్ కోరస్ బృందాల్లో కాలు కదిపింది, అక్క కిమ్‌తో కలిసి ఊరూరా ప్రదర్శనలిచ్చింది. 1946లో ‘లండన్ టౌన్’ అనే భారీ మ్యూజికల్‌లో పెద్ద పాత్ర దొరికింది. ఆ సినిమా ఘోరంగా పోయింది, దానితో పాటు ఆమె అవకాశాలూ పోయాయి. మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది.

నిలబెట్టింది 1953 నాటి ‘జెనెవీవ్’. లండన్ నుంచి బ్రైటన్‌కు పాతకాలపు కార్ల ఊరేగింపు, తిరుగు దారిలో ఇద్దరు మిత్రుల మధ్య పందెం, ఇంతే కథ. అందులో కెండాల్ వేసింది రోజలిండ్ అనే మోడల్ పాత్ర. హోటల్లో రాత్రి, కాస్త తాగి ఉన్న రోజలిండ్ బ్యాండువాళ్ల దగ్గర ట్రంపెట్ అడిగి తీసుకుంటుంది. పక్కనున్నవాళ్లు తల దించుకోవాల్సి వస్తుందని భయపడుతుంటే, ఆమె నిటారుగా నిలబడి హాలంతా విస్తుపోయేలా వాయిస్తుంది. వాయించి కూర్చోగానే నిద్రలో ఒరిగిపోతుంది. ట్రంపెట్ ధ్వని కెన్నీ బేకర్‌ది. కానీ భుజాల విసురు, బుగ్గల పొంగు, వాయిద్యం దించాక ముఖంలోకి వచ్చే ఆ గర్వం, ఇవన్నీ కెండాల్‌వే. అందగత్తె తన అందాన్ని లెక్కచేయకుండా నవ్వించడం బ్రిటిష్ తెరకు అరుదు. ఆమెను తలుచుకునేవారు ముందు తలుచుకునేది ఈ దృశ్యాన్నే.

హారిసన్‌తో పరిచయం పెరిగింది ‘ది కాన్‌స్టంట్ హస్బెండ్’ షూటింగులో. సినిమా 1955లో విడుదలైంది. జ్ఞాపకం పోయిన ఒకతను తనకు ఏడుగురు భార్యలున్నారని ఒక్కొక్కటిగా తెలుసుకునే కథ. హారిసన్ ఆ భర్త, కెండాల్ ఆ భార్యల్లో ఒకతె. నిజజీవితంలో అప్పటికి హారిసన్‌కు భార్య ఉంది. ఆమె లిలీ పామర్, నాజీల పాలన నుంచి తప్పించుకొచ్చిన జర్మన్ యూదు నటి. 1943లో పెళ్లి చేసుకున్నారు, 1944లో కొడుకు పుట్టాడు, ఇద్దరూ జంటగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నారు. 1956 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలైన ‘మై ఫెయిర్ లేడీ’ హారిసన్‌ను అమెరికాలో శిఖరాన కూర్చోబెట్టింది. అతను న్యూయార్క్‌లో రోజూ ప్రదర్శనలిస్తుండగా, కెండాల్ హాలీవుడ్‌లో ‘లే గర్ల్స్’ చిత్రంలో నటించింది. దానికి ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఇద్దరి కలయిక, కొట్లాట, మళ్లీ కలయిక అప్పటి పత్రికలకు రోజువారీ మేత.

1957 ఆరంభంలో ఆమె వైద్యుడు హారిసన్‌కు అసలు సంగతి చెప్పాడు. వాదం మొదలయ్యేది ఇక్కడే.

డాక్టరు: ఆ కాలాన్ని ఆ కాలపు కళ్లతోనే చూడాలి మేడమ్. 1951లో ఆరో జార్జ్ రాజుకు ఊపిరితిత్తి తీసేశారు. కాన్సరు అనే మాట ఆయన చెవిన వేయలేదు. 1952లో అర్జెంటీనాలో ఎవా పెరోన్ పోయేదాకా జబ్బు పేరు ఆమెకు చెప్పలేదంటారు. రాజులకూ అధ్యక్షుల భార్యలకూ జరిగిందే సినిమా నటికీ జరిగింది. 1961లో షికాగోలోని ఒక ఆస్పత్రి డాక్టర్లను అడిగితే, కాన్సరు రోగికి జబ్బు పేరు చెప్పకుండా ఉండడమే తమ అలవాటని నూటికి 90 మంది చెప్పారు. చికిత్స చేతిలో లేనప్పుడు పేరు చెప్పడం రోగిని రెండోసారి కొట్టడమే అని వాళ్లు నమ్మారు. దుర్మార్గంతో నమ్మలేదు.

అధ్యాపకురాలు: 1979లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే నూటికి 97 మంది చెప్పేస్తామన్నారు కదా డాక్టరుగారూ. పద్దెనిమిదేళ్లలో మారింది రోగుల గుండె ధైర్యం కాదు, డాక్టర్ల అభిప్రాయం. రోగి తట్టుకోలేడని అంతకుముందు వాళ్లెలా కనుక్కున్నారు? రోగిని అడిగి కాదు.

డాక్టరు: చికిత్స కూడా మారింది. 1957లో ల్యుకేమియాకు ఉన్నవి రక్తం ఎక్కించడం, ఎక్స్‌రే, అప్పుడే వచ్చిన రెండు మూడు మందులు. కొన్నాళ్లు కణాల సంఖ్య తగ్గించగలవు, అంతే. చెప్పాక చేయడానికేమైనా ఉంటే చెప్పడానికి అర్థం ఉంటుంది. ఇప్పటికీ మన తెలుగు ఇళ్లలో రిపోర్టు పట్టుకుని ముందు లోపలికొచ్చేది కొడుకో అల్లుడో. “నాన్నకి చెప్పకండి సార్” అంటారు. వాళ్లను ద్రోహులు అందామా?

అధ్యాపకురాలు: ద్రోహులు అనక్కర్లేదు. కానీ లోపలికొచ్చింది ఎవరో చూడాలి. మీరు చెప్పిన కొడుకు కొడుకే, అల్లుడు అల్లుడే. 1957 ఆరంభంలో హారిసన్ కెండాల్‌కు ఏమవుతాడు? భర్త కాడు. ఇంకొక ఆమెకు భర్త. కెండాల్‌కు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అక్క ఉంది. ఆమెకు ముప్పై నిండబోతున్నాయి, స్పృహలో ఉంది, తన సంపాదన తనది. అలాంటి మనిషి రక్తపరీక్ష ఫలితాన్ని చట్టప్రకారం ఆమెకు ఏమీ కాని మగవాడి చేతిలో పెట్టడం ఏ కాలపు వైద్యధర్మం?

డాక్టరు కొంత తగ్గాల్సి వచ్చిన చోటు ఇది. రోగి రహస్యాన్ని కాపాడటం హిప్పోక్రటీస్ ప్రమాణమంత పాతది. కుటుంబానికి చెప్పి రోగికి దాచడం ఆనాటి ఆచారమే అయినా, కుటుంబం కాని వ్యక్తికి చెప్పడం ఆచారంలోనూ ఇమడదు. ఆమెను చూసుకునే బాధ్యత నెత్తిన వేసుకునేవాడు అతనొక్కడేనని వైద్యుడు అనుకుని ఉండవచ్చని డాక్టరు అన్నాడు. ఆ అంచనా నిజమయిందని కూడా గుర్తుచేశాడు. నిజమయింది కాబట్టి సరైనదని మాత్రం అనలేకపోయాడు.

తరువాతి అడుగు ఇంకా వింతైనది. హారిసన్ ఆ సంగతి లిలీ పామర్‌కు చెప్పాడు. కెండాల్‌ను దగ్గరుండి చూసుకోవాలంటే పెళ్లి చేసుకోవాలి, అందుకు విడాకులు కావాలి అన్నాడు. పామర్ ఒప్పుకుంది. కెండాల్ పోయాక తామిద్దరం మళ్లీ పెళ్లి చేసుకుందామని మాట అనుకున్నారు. అప్పటికే పామర్ జీవితంలోకి అర్జెంటీనా నటుడు కార్లోస్ థాంప్సన్ వచ్చి ఉన్నాడు. విడాకులయ్యాక అదే ఏడాది ఆమె అతన్ని పెళ్లాడింది. హారిసన్‌తో మళ్లీ పెళ్లి మాట అక్కడితో పోయింది. ఈ ఒప్పందం గురించి లోకానికి తెలిసింది 1970లలో పామర్, హారిసన్ ఆత్మకథలు రాసినప్పుడు.

డాక్టరు: పద్నాలుగేళ్లు కాపురం చేసిన భార్య, తన స్థానంలోకి వచ్చిన అమ్మాయి చనిపోతోందని విని పక్కకు తప్పుకుంది. ఇందులో ఔదార్యం కనబడటం లేదా? హారిసన్ సంగతి కూడా చూడండి. నిలకడ లేని మనిషని పేరు. 1948లో నటి కరోల్ లాండిస్‌తో అతని సంబంధం, ఆమె ఆత్మహత్య, ఆ తర్వాత వచ్చిన అపవాదుతో అతను హాలీవుడ్ వదలాల్సి వచ్చింది. అలాంటివాడు, చావు ఖాయమని తెలిసి చేసుకున్న పెళ్లిలో చివరిరోజు దాకా ఉన్నాడు. పారిపోవడానికి అతనికి అన్ని దారులూ ఉన్నాయి.

అధ్యాపకురాలు: ఉన్నాడు, కాదనలేం. ఆస్పత్రులు, రక్తం ఎక్కించడాలు, రోజూ కొత్త అబద్ధం అల్లడం, ఇవన్నీ మోశాడు. ఆ మోత నిజమైనదే. కానీ ఆ పెళ్లిలో కెండాల్ దేనికి ఒప్పుకుంది? తన కోసం భార్యను వదిలి వచ్చిన మగవాడితో బతుకంతా బతకడానికి. అతను ఒప్పుకుంది వేరొకదానికి: కొంతకాలం ఒక రోగిని చూసుకుని, ఆ తర్వాత పాత ఇంటికి తిరిగి వెళ్లడానికి. ఒకే ప్రమాణం ఇద్దరూ చదివారు, చదివింది ఒకే పెళ్లి గురించి కాదు.

డాక్టరు: తిరిగి వెళ్లలేదుగా.

అధ్యాపకురాలు: వెళ్లకపోవడానికి కారణం పామర్ ఇంకొకరిని చేసుకోవడం. పెళ్లిరోజు నాటికి ఆ మాట మాటగానే ఉంది.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతాయి, వాటిని విడదీయకపోతే వాదం ఎప్పటికీ తేలదు. జబ్బును దాచడం ఒకటి, పెళ్లి వెనక ఉన్న షరతును దాచడం ఇంకొకటి. మొదటిదానికి 1957 నాటి వైద్యం సమర్థన ఇవ్వగలదు. రెండోదానికి ఏ కాలమూ ఇవ్వలేదు. కెండాల్ కథను త్యాగగాథగా చెప్పే పుస్తకాలూ వ్యాసాలూ మొదటిదాని మీద జాలి కురిపించి, ఆ జాలి తడిలో రెండోదాన్ని దాటేస్తాయి. అధ్యాపకురాలి పక్షం ఈ చోట బలమైనది. హారిసన్ ప్రేమ అబద్ధమని దీని అర్థం కాదు. అతను ఆమెను గాఢంగా ప్రేమించాడనడానికి ఆ రెండేళ్ల అతని నడతే సాక్ష్యం. అయినా ఆమె ఇచ్చిన సమ్మతి, తనకు చూపించని కాగితం మీద పెట్టించిన సంతకం.

చట్టం సంగతికి వస్తే, ఆ ఒక్క ఏడాదే రెండు తీర్పులు ఎదురెదురుగా నిలిచాయి. 1957 ఫిబ్రవరిలో లండన్‌లో వచ్చిన బోలమ్ తీర్పు, బాధ్యత గల వైద్యుల్లో ఒక వర్గం ఒప్పుకునే పద్ధతిని పాటిస్తే డాక్టరుది నిర్లక్ష్యం కాదంది. రోగికి ఎంత చెప్పాలన్నది కూడా దాంతో వైద్యుల ఆచారానికే వదిలినట్టయింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా కోర్టు సాల్గో కేసులో, అన్నీ తెలుసుకుని ఇచ్చే సమ్మతి అనే భావనకు పేరు పెట్టింది. బ్రిటన్ సుప్రీం కోర్టు రోగి వైపుకు పూర్తిగా మొగ్గింది 2015 నాటి మోంట్‌గోమరీ తీర్పుతో. కెండాల్ పెళ్లి ఈ మార్పు మొదటి గడపలో జరిగింది.

డాక్టరు: సరే, తెలిస్తే ఆమెకు ఒరిగేదేమిటి? తెలియకపోబట్టే ఆ రెండేళ్లూ పనిచేసింది. 1958లో విన్సెంట్ మినెల్లీ దర్శకత్వంలో భర్తతో కలిసి ‘ది రిలక్టెంట్ డెబ్యుటాంట్’, అదే ఏడాది లండన్‌లో భర్త దర్శకత్వంలో ‘ది బ్రైట్ వన్’ నాటకం, 1959లో స్టాన్లీ డోనెన్ తీసిన ‘వన్స్ మోర్, విత్ ఫీలింగ్’. నాటకం తొందరగానే మూతపడింది, అది వేరే సంగతి. జబ్బు బయటపడితే ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఆమె పేరు మీద సంతకం పెడుతుంది? ఏ నిర్మాత తీసుకుంటాడు? నటికి పని తీసేస్తే మిగిలేదేమిటి?

అధ్యాపకురాలు: పని ఆమెకు ప్రాణమే కావచ్చు. అయితే ఆ ఎంపిక ఆమె చేయాలి. ఒంట్లో బాగాలేదని తెలిసీ షూటింగుకు వెళ్లడం ధైర్యం. ఆమెకు ఆ ధైర్యం చూపించే అవకాశమే లేకుండా చేశారు. ఇనుము తక్కువైన మనిషికి ఇంత నీరసం ఎందుకు, ఇన్నిసార్లు ఆస్పత్రి ఎందుకు అని అడిగితే ఎవరో ఒకరు నవ్వి మాట మారుస్తారు. తన ఒంట్లో జరిగేదాన్ని తానే నమ్మకూడదని రోజూ నేర్పినట్టు. తల్లితో ఏం మాట్లాడాలో, అక్కకు ఏం అప్పగించాలో, ఏ పాత్ర ముందు వేయాలో తేల్చుకోవడానికి మనిషికి తన కాలం కొలత తెలియాలి. ఆ కొలత చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు.

డాక్టరు: ఆమెకు నిజంగా తెలియదంటారా? మూలుగలో కాన్సరు ముదిరాక ఒళ్లు దాచనివ్వదు. ప్లీహం ఉబ్బుతుంది, కమిలిన మచ్చలు పడతాయి, బరువు పడిపోతుంది. ఆమె చురుకైన మనిషి. ఊహించే ఉంటుందని, భర్త కోసం తెలియనట్టు ఉందని నమ్మిన మిత్రులున్నారు.

అధ్యాపకురాలు: అదే నిజమైతే కథ ఇంకా బరువెక్కుతుంది. అప్పుడు దాచేవాళ్లు ఇద్దరు. భర్త ఆమెను కాపాడుతున్నానని నటిస్తాడు, భార్య అతన్ని కాపాడుతూ నటిస్తుంది. చనిపోయే మనిషి మీద ఆ అదనపు పాత్ర ఎందుకు మోపాలి?

డాక్టరు: మోపారనే ఎందుకనుకోవాలి? కొన్ని దాంపత్యాల్లో అదే చివరి ఏకాంతం. ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వార్డుల్లో అలాంటి జంటల్ని చూస్తే ఆ మౌనం చెడగొట్టాలనిపించదు.

ఈ ప్రశ్న మీదే ఒక నాటకం నిలిచింది. ఈ దంపతుల్ని ఎరిగిన టెరెన్స్ రాటిగన్ ఈ కథను ఆధారం చేసుకుని ‘ఇన్ ప్రెయిజ్ ఆఫ్ లవ్’ రాశాడు. 1973లో లండన్‌లో ఆడింది. ఎస్టోనియా నుంచి వచ్చిన లిడియా తన ప్రాణాంతక వ్యాధిని భర్త సెబాస్టియన్‌కు తెలియకుండా దాస్తుంది. సెబాస్టియన్ కోపిష్టిలా, తన పని తప్ప ఏదీ పట్టని మనిషిలా కనిపిస్తాడు. అతనికి అంతా తెలుసని, ఆమె అనుమానించకుండా ఉండటానికే ఎప్పటిలాగే విసుక్కుంటున్నాడని తర్వాత బయటపడుతుంది. రాటిగన్ చేసిన ముఖ్యమైన మార్పు ఇదే: నిజజీవితంలో తెలియకుండా ఉంచబడిన స్త్రీకి నాటకంలో మొదటి నుంచీ అంతా తెలుసు. కెండాల్‌కు దక్కని జ్ఞానాన్ని రచయిత లిడియాకు ఇచ్చాడు. అధ్యాపకురాలు దీన్ని రచయిత ఇచ్చిన తీర్పుగా చదువుతుంది. భార్యకు తెలియకుండా ఉంటే ఆ కథ ప్రేమకథగా స్టేజీ మీద నిలవదని రాటిగన్‌కు అర్థమైందని ఆమె అంటుంది. డాక్టరు అందులో తన మాటకే బలం చూస్తాడు. ఇద్దరికీ తెలిసిన అబద్ధం కూడా ప్రేమే అవుతుందని నాటకం చెబుతోందంటాడు. 1974 డిసెంబరులో బ్రాడ్‌వేలో ఆ నాటకం ఆడినప్పుడు సెబాస్టియన్ వేషం వేసింది రెక్స్ హారిసనే. లిడియాగా జూలీ హారిస్ నటించింది.

కెండాల్ చివరి సినిమా 1960లో, ఆమె పోయాక విడుదలైంది. ఆమెను లండన్‌లోని హాంప్‌స్టెడ్ సెయింట్ జాన్ చర్చి ఆవరణలో పూడ్చారు. హారిసన్ ఆ తర్వాత మరో మూడు పెళ్లిళ్లు చేసుకున్నాడు. 1962లో నటి రేచెల్ రాబర్ట్స్‌తో జరిగింది వాటిలో మొదటిది. అతను 1990లో చనిపోయాడు. విథర్న్‌సీలో ఊరి మధ్యనే ఉన్న లైట్‌హౌస్ తర్వాత మ్యూజియం అయింది, అందులో ఆ ఊరి ఆడపిల్లకు ఒక భాగం కేటాయించారు.

డాక్టరు: ఆమె పేరు మీద ఒక నిధి కూడా వెలిసింది. ఒకప్పుడు ఆమెకు సన్నిహితుడైన జేమ్స్ సెయిన్స్‌బరీ 1984లో కే కెండాల్ ల్యుకేమియా ఫండ్ పెట్టాడు. ల్యుకేమియా పరిశోధనకు, రోగుల సంరక్షణకు అది డబ్బిచ్చింది.

అధ్యాపకురాలు: ఆ నిధి పేరులో ఆమె పేరు, జబ్బు పేరు పక్కపక్కనే ఉన్నాయి. ఆ నిధి సాయం అందిన ఆస్పత్రిలో ఇప్పుడు ఎవరికైనా ల్యుకేమియా బయటపడితే, డాక్టరుగారూ, రిపోర్టు ముందు ఎవరి చేతికిస్తారు?

డాక్టరు: రోగి చేతికే. ఆమె వద్దంటే తప్ప ఇంకొకరికి చెప్పరు.